ఒక్క రోజు తేడాకు 25 నెలల జీతం! రిటైర్మెంట్ డేట్ అసలు ఎవరి చేతిలో ఉంటుంది?

తిరుపతి, చిత్తూరు: ఒకే ఆఫీసు, పక్కపక్క సీట్లు, ఇద్దరు ఉద్యోగులు. ఒకరి పుట్టిన తేదీ 1962 జనవరి 1. ఇంకొకరిది జనవరి 2. సర్వీస్ రిజిస్టర్‌లో తేడా ఒక్క రోజే. ఇద్దరూ ఏపీ ప్రభుత్వ ఉద్యోగులే అనుకుంటే, మొదటి వ్యక్తి 2021 డిసెంబర్ 31న శాలువా కప్పించుకుని ఇంటికి వెళ్లిపోయినట్టు. రెండో వ్యక్తి 2024 జనవరి 31 వరకు అదే కుర్చీలో కూర్చున్నట్టు. ఒక్క రోజుకు 25 నెలల జీతం తేడా అన్నమాట.

ఇది లెక్క అర్థం కావడానికి చెప్పిన ఉదాహరణే. కానీ రూల్ నిజం. ప్రభుత్వ ఉద్యోగి రిటైర్మెంట్ వయసు ఏ నెలలో నిండితే ఆ నెల చివరి రోజు సాయంత్రం రిటైర్ అవుతారు. 1వ తేదీన పుట్టినవాళ్లు మాత్రం అంతకు ముందు నెల చివరి రోజే వెళ్లాలి. ఏపీలో రిటైర్మెంట్ వయసు 60 నుంచి 62కి పెరిగింది 2022 జనవరి 1 నుంచి. అందుకే జనవరి 1న పుట్టిన పాపానికి ఒకరు గేటు బయట, 2న పుట్టిన పుణ్యానికి ఇంకొకరు లోపల.

"ఎప్పుడు రిటైర్ అవుతారు సార్?" అని అడిగితే చాలామంది ఠక్కున ఓ తేదీ చెప్తారు. ఆ తేదీ వాళ్లు పెట్టుకున్నది కాదు. కొందరికి అసెంబ్లీ పెట్టింది, కొందరికి పెన్షన్ స్కీమ్ పెట్టింది, కొందరికి మోకాళ్లు పెట్టాయి, ఇంకొందరికి ఫ్యాక్టరీ గేటుకు పడిన తాళం పెట్టింది. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఇవన్నీ కనిపిస్తాయి. కొండ మీద గర్భగుడి దాకా వెళ్లిన రిటైర్మెంట్ గొడవ కూడా ఇక్కడిదే.

అయ్యవారు రాసిన తేదీ

ముందు ఈ పుట్టిన తేదీ సంగతి. ఇప్పుడు 60 దగ్గర పడిన తరంలో, ముఖ్యంగా పల్లెల్లో పుట్టినవాళ్లలో, చాలామందికి అసలు పుట్టినరోజు ఏదో ఇంట్లో ఎవరికీ తెలియదు. "పెద్ద వాన వచ్చిన ఏడాది", "జాతర అయిన వారం తర్వాత" అన్నట్టు ఉండేవి గుర్తులు. స్కూల్లో చేర్పించేటప్పుడు అయ్యవారు పిల్లాడి ఎత్తు చూసి ఓ తేదీ వేసేసేవారు. ఆఫీసుల్లో జూన్, జూలై 1వ తేదీ పుట్టినరోజులు అన్నేసి కనిపించడానికి కారణం ఇదే.

ఆ తేదీ టెన్త్ సర్టిఫికెట్‌కి, అక్కడి నుంచి సర్వీస్ రిజిస్టర్‌కి ఎక్కుతుంది. ఒకసారి ఎక్కిందంటే అంతే. పుట్టిన తేదీ నమోదు, మార్పులపై ఏపీలో 1984 నుంచి ప్రత్యేక రూల్స్ ఉన్నాయి. రిటైర్మెంట్ దగ్గర పడ్డాక "నేను నిజానికి రెండేళ్లు చిన్నవాడిని" అంటే కోర్టులు కూడా సాధారణంగా వినవు.

1వ తేదీ వాళ్లకు ఇంకో నష్టం కూడా ఉండేది. జూన్ 30న రిటైర్ అవుతారు, ఇంక్రిమెంట్ ఏమో జూలై 1న. ఏడాదంతా పనిచేసి ఒక్క రోజుతో ఇంక్రిమెంట్ పోయేది. కర్ణాటక విద్యుత్ సంస్థ ఉద్యోగుల కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. ఏడాది సర్వీసు పూర్తిచేశారు కాబట్టి మర్నాడు రిటైర్ అయినా ఆ ఇంక్రిమెంట్ ఇవ్వాల్సిందే అని చెప్పింది. ఇంక్రిమెంట్ చిన్నదే కావచ్చు. కానీ పెన్షన్‌ని ఆఖరి బేసిక్ మీదే లెక్కేస్తారు కాబట్టి ఆ తేడా జీవితాంతం వస్తుంది.

58, 55, మళ్లీ 58, 60, 62

రిటైర్మెంట్ వయసు అనగానే అదేదో డాక్టర్లు శరీరాన్ని పరీక్షించి చెప్పిన నంబర్ అనుకుంటాం. ఏపీ చరిత్ర చూస్తే అలా అనిపించదు.

1983 జనవరిలో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఎన్నికల్లో ఆయన తిరుపతి, గుడివాడ రెండుచోట్లా గెలిచారు. ప్రమాణం చేసి నెల కూడా దాటిందో లేదో, ఫిబ్రవరి 8న రిటైర్మెంట్ వయసును 58 నుంచి 55కి తగ్గిస్తూ ఆర్డర్ వచ్చింది. చదువుకున్న కుర్రాళ్లకు ఉద్యోగాలు రావాలంటే పెద్దవాళ్లు తప్పుకోవాలి అన్నది లాజిక్. అదే ఫిబ్రవరి 28న 18 వేల మందికి పైగా ప్రభుత్వ ఉద్యోగులు, మరో 10 వేల మంది ప్రభుత్వ రంగ సంస్థల సిబ్బంది ఒకేసారి ఇంటికి వెళ్లారు. కూతురి పెళ్లికి మూడేళ్లు టైముంది అనుకున్నవాళ్లకు చేతిలో మిగిలింది మూడు వారాలు.

ఉద్యోగులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఈలోగా 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ని దించి నాదెండ్ల భాస్కరరావు కూర్చున్నారు. ఆయన ఉన్నది నెల రోజులే, కానీ ఆ నెలలోనే వయసును మళ్లీ 58కి పెంచుతూ ఆర్డినెన్స్ తెచ్చారు. 1985 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. కె.నాగరాజ్ కేసు అంటారు దాన్ని. వయసు తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఉంది, తప్పేమీ లేదు అన్నది కోర్టు. కథ అక్కడితో అయిపోలేదు. అదే ఏడాది ఆగస్టులో బి.ప్రభాకరరావు కేసులో ఇంకో తీర్పు వచ్చింది. వయసు తగ్గించినప్పుడు ఇంటికి పంపినవాళ్లలో 58 నిండనివాళ్లకు కూడా కొత్త చట్టం ప్రయోజనం దక్కాలని, వాళ్లను తిరిగి తీసుకోవాలని కోర్టు చెప్పింది. రిటైర్మెంట్ ఫంక్షన్ అయిపోయినవాళ్లు కూడా మళ్లీ సీట్లోకి వచ్చి కూర్చునే వీలు కలిగింది.

తర్వాత 30 ఏళ్లు 58 అలాగే ఉంది. కేంద్రం 1998లోనే తన ఉద్యోగులకు 60 చేసినా ఏపీ కదల్లేదు. రాష్ట్రం విడిపోయిన 2014లో, చంద్రగిరి మండలం నారావారిపల్లెకు చెందిన చంద్రబాబు ప్రభుత్వం 60కి పెంచింది. జూన్ 2 నుంచి అమలు. మే 31న రిటైర్ అయినవాళ్లు రెండు రోజుల తేడాతో రెండేళ్లు కోల్పోయారు.

ఇక 2022. అప్పటికే 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్న ఉద్యోగులకు జగన్ ప్రభుత్వం 23.29 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించింది. 'రివర్స్ పీఆర్సీ' అంటూ ఉద్యోగులు రోడ్డెక్కారు, ఫిబ్రవరి 3న విజయవాడ నిండిపోయింది. ఆ ప్రకటనతో పాటు వచ్చిన తీపి కబురే 62 ఏళ్లు. ఉద్యోగులకు రెండేళ్ల జీతం. ప్రభుత్వానికేమో ఒకేసారి ఇవ్వాల్సిన గ్రాట్యుటీ, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్, కమ్యుటేషన్ లాంటి బిల్లులన్నీ రెండేళ్లు వెనక్కి. 2022, 2023 రెండేళ్లూ వయసు నిండి రిటైర్ అయ్యేవాళ్లే దాదాపు లేకుండా పోయారు. కింద ప్రమోషన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ల సంగతి, నోటిఫికేషన్ కోసం లైబ్రరీల్లో కూర్చున్న పిల్లల సంగతి ఎవరూ పెద్దగా అడగలేదు. 1983లో వాళ్ల పేరు చెప్పే కదా వయసు తగ్గించింది!

చిత్తూరు నుంచి చూస్తే ఈ నంబర్ల తమాషా ఇంకా బాగా తెలుస్తుంది. చిత్తూరులో ప్రభుత్వ టీచర్‌కి 62. బస్సెక్కి గంటన్నరలోపు వేలూరు వెళ్తే అక్కడి టీచర్‌కి 60. తమిళనాడు 2020లో 58ని 59 చేసి, మరుసటి ఏడాదే 60 చేసింది. పలమనేరు దాటి కర్ణాటకలోకి వెళ్లినా 60. తెలంగాణలో 2021 నుంచి 61. ఒకటే ఎండ, ఒకటే రాగి సంగటి, వయసు మాత్రం చెక్‌పోస్టు దాటగానే మారిపోతుంది.

చేతికి ఎంత వస్తుంది?

చట్టం చెప్పిన వయసు చివరి గడువు మాత్రమే. అంతకుముందే వెళ్లిపోవచ్చు. ఏపీలో 20 ఏళ్ల సర్వీసు నిండిన ఉద్యోగి మూడు నెలల నోటీసుతో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోవచ్చు. మరి తీసుకుంటారా లేదా అన్నది ఎక్కువగా పెన్షన్ మీద ఆధారపడి ఉంటుంది.

2004 సెప్టెంబర్ 1కి ముందు ఉద్యోగంలో చేరినవాళ్లకు పాత పెన్షన్. 33 ఏళ్ల సర్వీసు ఉంటే ఆఖరి బేసిక్‌లో సగం, దాని మీద డీఆర్. పోయాక భార్యకో భర్తకో ఫ్యామిలీ పెన్షన్. వీళ్లలో ఆరోగ్యం బాగోలేనివాళ్లు, పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో సెటిలై మనవళ్లను చూసుకోవడానికి రమ్మంటున్నవాళ్లు కాస్త ధైర్యంగా వీఆర్ఎస్ గురించి ఆలోచించగలరు. అయినా "ఇంకో పీఆర్సీ చూసి వెళ్దాం" అని ఆగేవాళ్లే ఎక్కువ. ఒక పీఆర్సీ బేసిక్‌ని, బేసిక్ పెన్షన్‌ని పెంచుతుంది కాబట్టి ఆ ఆశలో తప్పేమీ లేదు.

2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాళ్లది సీపీఎస్. నెలనెలా జీతంలో 10 శాతం కట్ అవుతుంది, ప్రభుత్వం అంతే వేస్తుంది, ఆ డబ్బు మార్కెట్‌లో పెరుగుతుంది. వయసు నిండి రిటైర్ అయితే అందులో 60 శాతం దాకా ఒకేసారి తీసుకోవచ్చు, మిగతా 40తో యాన్యుటీ కొనాలి. ముందే మానేస్తే లెక్క తిరగబడుతుంది. చేతికి 20 శాతమే, 80 శాతం యాన్యుటీకి. అంటే పాత పెన్షన్ మనిషికి తలుపు ఓరగా తెరిచి ఉంటే, సీపీఎస్ మనిషికి గడియ పెట్టేసినట్టే. ఆఖరి బేసిక్‌లో 50 శాతానికి గ్యారంటీ అంటూ 2023లో జీపీఎస్ చట్టం వచ్చినా, ఉద్యోగ సంఘాలు ఓపీఎస్ డిమాండ్ వదల్లేదు.

ఇక్కడా తేదీల గొడవే. డీఎస్సీ-2003 టీచర్లకు నోటిఫికేషన్ వచ్చింది 2004 సెప్టెంబర్‌కు ముందు. పోస్టింగ్‌లు వచ్చేసరికి 2005 అయింది. దాంతో సీపీఎస్‌లో పడ్డారు. ఇలాంటివాళ్లకు పాత పెన్షన్ ఆప్షన్ ఇస్తూ 2023 మార్చిలో కేంద్రం తన ఉద్యోగుల కోసం ఓ మెమో ఇచ్చింది. టీచర్లు '57 మెమో' అంటూ అడుగుతున్నది దాన్ని ఇక్కడ అమలు చేయమనే.

ఇదంతా ప్రభుత్వ ఉద్యోగుల ముచ్చట. రేణిగుంట, కరకంబాడి, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లది వేరే లోకం. అక్కడ 58 అనే నంబర్ ముఖ్యం. ఈపీఎస్-95 కింద పూర్తి పెన్షన్ మొదలయ్యేది ఆ వయసుకే, అదీ కనీసం పదేళ్ల సర్వీసు ఉంటే. 50 దాటాక ముందుగా కూడా తీసుకోవచ్చు, కానీ ముందుకు జరిపిన ఒక్కో ఏడాదికి 4 శాతం కోత. 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం ఎక్కువ.

ఎంత వస్తుందో ఓసారి లెక్కేస్తే... పెన్షన్‌కు లెక్కలోకి తీసుకునే జీతం సీలింగ్ రూ.15 వేలు. దాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. 18 ఏళ్లు పనిచేసినవారికి, మొత్తం సర్వీసును 15 వేల సీలింగ్‌తోనే లెక్కేసినా, నెలకు వచ్చేది రూ.3,857. రాష్ట్ర ప్రభుత్వం ఇస్తున్న ఎన్టీఆర్ భరోసా వృద్ధాప్య పెన్షన్ రూ.4 వేలు. 18 ఏళ్లు షిఫ్టుల్లో పనిచేసి, పీఎఫ్ కట్టిన మనిషి పెన్షన్ దానికన్నా తక్కువ. అలాంటప్పుడు 58 నిండగానే ఇంట్లో కూర్చుంటారా? సెక్యూరిటీ గార్డు డ్యూటీకో, అద్దె ఆటోకో, బంధువుల కొట్టుకో వెళ్తారు. కాగితం మీద రిటైర్మెంట్, ఇంట్లో మాత్రం పనే.

స్టీరింగ్, మగ్గం

తిరుమల ఘాట్‌లో బస్సు నడపడం సరదా పని కాదు. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. మలుపు మలుపుకీ భుజాలు, నడుము, కళ్లు అన్నీ పనిచేయాలి. ఆర్టీసీలో రిటైర్మెంట్ వయసు 2019లో 60 చేశారు. 2020 జనవరి 1న ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వంలో విలీనమయ్యారు. ఆ దారిలోనే 62 వచ్చింది. ఆఫీసులో ఫైలు చూసే మనిషికీ ఘాట్‌లో స్టీరింగ్ తిప్పే మనిషికీ ఒకటే నంబర్. చూపు తగ్గితే, షుగర్, బీపీ పెరిగితే మెడికల్ టెస్టులో డ్రైవర్ ఆగిపోవచ్చు. మరోపక్క విలీనమైనా పాత పెన్షన్ మాత్రం రాలేదు. అందుకే ఆరోగ్యం వద్దంటున్నా జీతం కోసం కొనసాగాల్సిన పరిస్థితి చాలామందిది.

విచిత్రం ఏంటంటే పనిని బట్టి శరీరం ముందే అరిగిపోతుందని ఇదే ప్రభుత్వం ఇంకో చోట ఒప్పుకుంటుంది. సామాజిక పెన్షన్ మామూలుగా 60 ఏళ్లకు. చేనేత కార్మికులకు, కల్లు గీత కార్మికులకు, మత్స్యకారులకు, డప్పు కళాకారులకు 50కే. సంప్రదాయ చర్మకారులకైతే 40కే. గుంట మగ్గంలో కాళ్లు పెట్టి 35 ఏళ్లు కూర్చున్న శ్రీకాళహస్తి పక్క పల్లె నేతన్న 50కి ముసలివాడే అని జీవోలో ఉంది. అదే వయసున్న గుమస్తాకు ఇంకా 12 ఏళ్ల సర్వీసు ఉంది. రెండూ ఒక్క ప్రభుత్వం లెక్కలే.

కొందరికి ఈ వయసుల లెక్కే రాదు. చిత్తూరు డెయిరీ 2002లో మూతపడింది. గాజులమండ్యంలోని ఎస్వీ సహకార చక్కెర ఫ్యాక్టరీ, చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీ కూడా ఆగిపోయాయి. 40ల్లో ఉన్న కార్మికుడికి అది రిటైర్మెంట్ కాదు, కానీ ఆ వయసులో మళ్లీ అలాంటి ఉద్యోగం దొరకదు కాబట్టి జరిగేది దాదాపు అదే. తేడా అల్లా శాలువా ఉండదు, బకాయిల కోసం తిరగడం ఉంటుంది.

అర్చకుడికి రిటైర్మెంట్ ఉంటుందా?

ఈ ప్రశ్న దేశమంతా చర్చకు వచ్చింది తిరుమల నుంచే. శ్రీవారి ఆలయంలో పైడిపల్లి, గొల్లపల్లి, పెద్దింటి, తిరుపతమ్మ అనే నాలుగు కుటుంబాల వాళ్లు తరతరాలుగా అర్చకత్వం చేస్తున్నారు. వీళ్లనే మిరాశీ అర్చకులు అంటారు. 1987 దేవాదాయ చట్టం వంశపారంపర్య హక్కును రద్దు చేసింది. దాన్ని సవాలు చేస్తూ వెళ్లిన ఏ.ఎస్.నారాయణ దీక్షితులు కేసులో 1996లో సుప్రీంకోర్టు చట్టాన్నే సమర్థించింది. 2007లో చట్టాన్ని సవరించి ఆ కుటుంబాలకు మళ్లీ కొంత గుర్తింపు ఇచ్చారు.

అర్చకులు ఉద్యోగులా, కాదా అన్నది మాత్రం తేలలేదు. 2018 మేలో అప్పటి ప్రధాన అర్చకుడు ఏ.వి.రమణ దీక్షితులు చెన్నైలో మీడియా ముందుకు వచ్చి టీటీడీపై ఆరోపణలు చేశారు. ఆ వెంటనే 65 దాటిన అర్చకులకు రిటైర్మెంట్ అంటూ టీటీడీ పాలకమండలి నిర్ణయం తీసుకుంది. ఆయన కూడా ఆ జాబితాలోనే వెళ్లిపోయారు. ఆరోపణలకు శిక్షగానే ఈ రూల్ అని ఆయన వర్గం, ఎప్పటి నుంచో చేయాల్సిన సంస్కరణ అని మరో వర్గం వాదించుకున్నాయి. మిరాశీ అర్చకులకు వయోపరిమితి విషయంలో అదే ఏడాది డిసెంబర్‌లో హైకోర్టు అర్చకులకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం మారాక, 2021 ఏప్రిల్‌లో రమణ దీక్షితులు ప్రధాన అర్చకుడిగా తిరిగి వచ్చారు. 2024 ఫిబ్రవరిలో ఆయన వ్యాఖ్యలపై వివాదం రేగడంతో టీటీడీ మళ్లీ తొలగించింది.

రాజకీయం పక్కన పెడితే రెండు వాదనల్లోనూ బలం ఉంది. అర్చకత్వం కైంకర్యం అయితే, చేయగలిగినంత కాలం చేయాలి, దానికి సూపరాన్యుయేషన్ ఏంటి? జీతం, సెలవులు, సర్వీస్ రూల్స్ ఉన్న ఉద్యోగం అయితే, తెల్లవారుజామున సుప్రభాతం నుంచి రాత్రి ఏకాంత సేవ దాకా నిలబడే ఓపిక 65 తర్వాత ఎంతమందికి ఉంటుంది? కుటుంబంలో తర్వాతి తరం వాళ్లకు వంతు ఎప్పుడు వస్తుంది? ఈ చివరి ప్రశ్న ఆఫీసులో ప్రమోషన్ కోసం చూసే జూనియర్ అడిగేదే.

ఆర్డర్ రానివాళ్లు

జిల్లాల్లో ఎక్కువమందికి వీటిలో ఏదీ వర్తించదు. మామిడి తోట రైతు, తెల్లవారుజామున 4 గంటలకు లేచి ఆవుల పాలు పిండే అవ్వ, టమాటా మార్కెట్‌లో గంపలు మోసే కూలీ... వీళ్లకు రిటైర్మెంట్ ఆర్డర్ ఎవరూ ఇవ్వరు. తోట కొడుకు చేతికి వస్తే రైతు కాస్త పక్కకు జరుగుతాడు. కొడుకు బెంగళూరులో ఉంటే జరగడు, లేదా తోట గుత్తకు ఇస్తాడు. అవ్వ మోకాళ్లు వంగనప్పుడు ఆవును అమ్మేస్తుంది. అదే ఆమె రిటైర్మెంట్.

వీళ్లకు దొరికేది నెలనెలా ఇంటి దగ్గర ఇచ్చే ఆ రూ.4 వేలు. దానికి 60 నిండాలి. నిండాయో లేదో చెప్పేది ఆధార్ కార్డు. తొలి రోజుల్లో క్యాంపులో లైన్లో నిలబడి ఆధార్ తీయించుకున్నప్పుడు, పుట్టిన తేదీ కాగితం లేనివాళ్లకు నోటితో చెప్పిన వయసే రాసుకున్నారు. అప్పుడు "యాభై ఉంటాయేమో నాయనా" అన్న మాట ఇప్పుడు పెన్షన్ డేట్ అయి కూర్చుంది. ఆ తేదీ తప్పు అనిపిస్తే మార్చుకోవచ్చు, కానీ ఆధార్‌లో పుట్టిన తేదీ మార్పుకు అవకాశం సాధారణంగా ఒక్కసారే. అప్లై చేసేటప్పుడు సరైన పత్రం చేతిలో ఉందో లేదో చూసుకుని వెళ్లాలి.